నడిగడ్డ నుంచి నల్లమల దాకా: ప్రయాణ బీమాను ఎంచుకునే తీరు

ప్రయాణ బీమా అనగానే విమానం టికెట్టుతో పాటు కొనే పాలసీయే చాలామందికి గుర్తుకొస్తుంది కాని, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల జనం చేసే ప్రయాణాల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద, రైలు పట్టాల మీద సాగేవే. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ రైతు వైద్యానికి కర్నూలు పోవడం, పాలమూరు కూలీ మేస్త్రి వెంట ముంబయి, పుణె నగరాలకు పనికి తరలిపోవడం, నల్లమల అంచు ఊళ్ల కుటుంబాలు చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు కదలడం, వనపర్తిలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు అమెరికాలోని కొడుకు దగ్గర నాలుగైదు నెలలు ఉండి రావడం, ఇవన్నీ ప్రయాణాలే. అయితే ఒక్కో ప్రయాణంలో పొంచి ఉన్న నష్టం ఒక్కో రకం. బీమా సంస్థకు కట్టే సొమ్మును ప్రీమియం అని, నష్టం జరిగినప్పుడు ఆ సంస్థ చెల్లించగల గరిష్ఠ మొత్తాన్ని బీమా మొత్తం అని అంటారు. సాధారణంగా కొనుగోలుదారులు ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి పాలసీలను పోల్చి చూస్తారు. నిజానికి పోలిక అంతకంటే ఒక మెట్టు ముందు మొదలుకావాలి. ఈ ప్రయాణానికి చట్టం వల్లనో, టికెట్టు వల్లనో, బ్యాంకు ఖాతా వల్లనో ఇప్పటికే దక్కుతున్న రక్షణ ఏమిటో, దానికి అందకుండా మిగిలిపోతున్న నష్టం ఏమిటో తేలిన తర్వాతనే, ఆ మిగిలినదానికి ఏ పాలసీ సరిపోతుందన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

రోడ్డు సంగతి ముందు చూడవలసి ఉంది. హైదరాబాదు, బెంగళూరు నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తాల మీదుగా తుంగభద్ర ఒడ్డుకు చేరుతుంది. రాత్రిపూట ఈ దారిలో రెండు నగరాల మధ్య ప్రైవేటు బస్సులు బారులు తీరి నడుస్తాయి. 2013 అక్టోబరు 30న తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు కొత్తకోట సమీపంలోని పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకోగా 45 మంది చనిపోయారు. ఆనాటికి ఆ ఊరు ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోది, 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల విభజన తర్వాత వనపర్తి జిల్లాలోకి వచ్చింది. గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన దేహాలు ఎవరివో తేల్చడానికి అప్పుడు డీఎన్‌ఏ పరీక్షలు జరపవలసి వచ్చింది. బీమా దృష్టితో చూస్తే ఆ దుర్ఘటన చెప్పే విషయం ఒకటుంది: పరిహారం ఎంత రావాలన్న ప్రశ్నకంటే ముందు, ఆ వాహనంలో ఆ మనిషి ప్రయాణించినట్టు రుజువు ఏమిటన్న ప్రశ్న వస్తుంది. పేరు, ఫోను నంబరు నమోదైన టికెట్టు ఉన్నవారి కుటుంబానికి, దారి మధ్యలో చెయ్యెత్తి బస్సు ఆపి డ్రైవరు చేతిలో డబ్బు పెట్టి ఎక్కినవారి కుటుంబానికి మధ్య ఈ రుజువు దగ్గరే పెద్ద తేడా వస్తుంది.

మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఇక్కడ మొదటి పక్షం వాహన యజమాని, రెండో పక్షం బీమా సంస్థ, ఆ వాహనం వల్ల నష్టపోయిన బయటివారు మూడో పక్షం. డబ్బు చెల్లించి బస్సులోనో, టాక్సీలోనో కూర్చున్న ప్రయాణికుడికి ఈ బీమా వర్తిస్తుంది కనుక, అతడు విడిగా ఏ పాలసీ కొనకపోయినా ప్రమాదంలో గాయపడితే లేదా మరణిస్తే మోటారు ప్రమాదాల క్లెయిమ్‌ల ట్రిబ్యునల్‌లో పరిహారం కోరవచ్చు. ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధితులు తాము నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు పెట్టుకునే వీలును చట్టం కల్పించింది. అంటే కర్ణాటకలో జరిగిన ప్రమాదానికి గద్వాల మనిషి కర్ణాటక కోర్టు చుట్టూ తిరగనక్కరలేదు. 2019 సవరణ దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టింది కాబట్టి ఆలస్యం చేయడం క్షేమం కాదు. తప్పు ఎవరిదని నిరూపించనవసరం లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు కోరే మార్గం 164వ సెక్షన్‌లో ఉంది. ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకుండా పోయిన సందర్భాల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం వేరే పథకం కింద లభిస్తుంది. 2025లో కేంద్రం నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి నిర్దేశిత ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల మేరకు చికిత్స అందవలసి ఉంది. ఆర్టీసీ వంటి ప్రభుత్వ రవాణా సంస్థలు సొంత నిధి ఏర్పాటు చేసుకుంటే వాటికి బీమా నుంచి మినహాయింపు ఇచ్చే వెసులుబాటు చట్టంలో ఉన్నా, పరిహారం చెల్లించే బాధ్యత మాత్రం ఆ సంస్థ మీద ఉండనే ఉంటుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటినుంచి మహిళలకు ఇస్తున్న జీరో టికెట్టును చాలామంది బస్సులోనే పారేస్తారు గాని, డబ్బు లేని ఆ చీటీ కూడా ప్రయాణానికి రుజువే, గమ్యం చేరేదాకా దాచుకోదగ్గదే.

ఈ చట్టపు గొడుగు కిందికి రాని ప్రయాణాలే ఈ జిల్లాల్లో ఎక్కువ గమనించదగినవి. జాతరకు, పెళ్లికి, నాట్లకు, పత్తి ఏరడానికి జనాన్ని ట్రాక్టరు ట్రాలీలోనో, డీసీఎం వ్యానులోనో ఎక్కించుకుపోవడం ఇక్కడ నిత్యం కనిపించే దృశ్యం. సరుకు రవాణా వాహనంలో ప్రయాణికులుగా ఎక్కినవారికి ఆ వాహనపు తప్పనిసరి బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తేల్చింది. సరుకు యజమాని గాని, అతడి ప్రతినిధి గాని సరుకుతో పాటు పోతున్నప్పుడు మాత్రమే అందుకు మినహాయింపు. వ్యవసాయ పనికని బీమా చేసిన ట్రాక్టరు ట్రాలీలో కూర్చున్నవారి విషయంలోనూ కోర్టులు ఇదే దృష్టితో చూశాయి. అటువంటప్పుడు పరిహారపు భారం వాహన యజమాని నెత్తిన పడుతుంది, ఒక్క ట్రాక్టరు మీద బతికే రైతు నుంచి బాధితులు లక్షల రూపాయలు రాబట్టుకోవడం కాగితం మీద తేలికే. సొంత కారులో కూడా ఇలాంటి చిక్కే ఉంది. కేవలం థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న ప్రైవేటు కారులో ఛార్జీ ఇవ్వకుండా కూర్చున్న చుట్టాలు, స్నేహితులు ఆ బీమా పరిధిలోకి రారు. ప్యాకేజీ పాలసీ, అంటే వాహనానికి జరిగే నష్టాన్నీ కలుపుకున్న సమగ్ర పాలసీ ఉన్నప్పుడే వారికి రక్షణ దక్కుతుంది. నాగర్‌కర్నూల్ నుంచి మన్ననూరు మీదుగా ఘాట్ రోడ్డులో శ్రీశైలం పోయే కుటుంబం బయలుదేరే ముందు కారు పాలసీ మొదటి పేజీని ఒకసారి తిరగేసి అది ఈ రెండింటిలో ఏ రకమో చూసుకోవడం, వేరే పాలసీ ఏదో కొనడంకంటే ముందు చేయవలసిన పని. తెలిసినవారి తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి మాట్లాడుకుని తిరుపతి పోవడం చవకే కాని, సొంత వాడకానికని బీమా చేసిన వాహనాన్ని కిరాయికి తిప్పడం పాలసీ షరతును ఉల్లంఘించడం అవుతుంది, ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లింపును నిరాకరించడానికి అది తగిన సాకు. టాక్సీకి పసుపు ప్లేటు ఉందా లేదా అన్నది, ఏ యాప్‌లో ఎన్ని నక్షత్రాలున్నాయన్నదానికన్నా విలువైన ప్రశ్న.

రైలు విషయంలో పరిస్థితి కొంత మెరుగు. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు పోయే మార్గం మీద గద్వాల ముఖ్యమైన స్టేషను. వనపర్తి రోడ్ స్టేషను మాత్రం పేరుకే వనపర్తి, ఉన్నది పట్టణానికి దూరంగా మదనాపూర్‌లో. నాగర్‌కర్నూల్ పట్టణానికైతే రైలే లేదు, గద్వాల నుంచి మాచర్ల దాకా కావాలని జనం దశాబ్దాలుగా అడుగుతున్న లైను ఇంకా రాలేదు. రైల్వే చట్టం 124, 124ఎ సెక్షన్ల కింద రైలు ప్రమాదంలోనో, నడుస్తున్న రైలు నుంచి ప్రమాదవశాత్తు జారిపడటం వంటి ఘటనలోనో మరణించిన ప్రయాణికుడి కుటుంబానికి 8 లక్షల రూపాయల పరిహారం రావాలి, 2017 జనవరి 1కి ముందు ఇది 4 లక్షలే. ఇందుకు చెల్లుబాటయ్యే టికెట్టు ఉంటే చాలు, అది జనరల్ బోగీదైనా సరే. దీనికి అదనంగా ఐఆర్‌సీటీసీ 2016 సెప్టెంబరు 1న స్వచ్ఛంద ప్రయాణ బీమాను తెచ్చింది. మొదట ఒక్కొక్కరికి 92 పైసలుగా ఉన్న ప్రీమియం తర్వాత 45 పైసలకు దిగింది. మరణానికి, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 10 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 7.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల దాకా, మృతదేహం తరలింపునకు 10 వేల రూపాయలు ఇందులోని ప్రయోజనాలు. రైలు టికెట్టుతో పాటు బీమా అమ్మడం కొత్త ఆలోచనేమీ కాదు, లండన్‌లో 1840ల చివర ఏర్పడిన రైల్వే ప్యాసింజర్స్ అష్యూరెన్స్ కంపెనీ ఈ వ్యాపారంతోనే మొదలైంది, ప్రయాణ బీమాకు అదే పుట్టిల్లు అనవచ్చు.

45 పైసలకు 10 లక్షలు అన్న లెక్క చూస్తే ఇంతకంటే చవకైన బీమా మరొకటి దొరకదు. అయినా అది అందరికీ అందేది కాదు. ఆన్‌లైన్‌లో కొన్న, బెర్తు ఖాయమైన లేదా ఆర్‌ఏసీలో ఉన్న టికెట్టుకే అది వర్తిస్తుంది. గద్వాల స్టేషను కౌంటరులో వరుసలో నిలబడి తీసుకున్న రిజర్వేషనుకు గాని, వెయిటింగ్ లిస్టులో మిగిలిపోయిన టికెట్టుకు గాని, ముంబయి రైలు జనరల్ బోగీలో పిల్లాపాపలతో కిక్కిరిసి కూర్చున్న వలస కూలీకి గాని అది లేదు. బెర్తు లేకుండా వెళ్లే చిన్నపిల్లలకూ లేదు. టికెట్టు కొన్న వెంటనే బీమా సంస్థ నుంచి ఫోనుకు, ఈమెయిలుకు ఒక లింకు వస్తుంది. దానిలోకి వెళ్లి నామినీ, అంటే సొమ్ము ఎవరికి చెందాలో వారి పేరు నమోదు చేయాలి. ఆ పని చేయకపోతే బీమా రద్దు కాదు కాని, కుటుంబం వారసత్వ ధ్రువీకరణ పత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. టికెట్టు పక్కింటి కుర్రాడి ఖాతా నుంచో, ఇంటర్నెట్ సెంటరు నుంచో బుక్కయితే ఆ లింకు కూడా వారి ఫోనుకే పోతుంది. పల్లెల్లో ఎక్కువమంది టికెట్లు ఇలాగే కొంటారు కనుక ఈ చిన్న పొరపాటు ఎందరి దారికి అడ్డమో ఊహించవచ్చు.

జనరల్ బోగీలో పోయేవారికి బ్యాంకు ఖాతాయే ఆధారం. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015లో ఏడాదికి 12 రూపాయల ప్రీమియంతో మొదలై, 2022 జూన్ నుంచి 20 రూపాయలకు చేరింది. 18 నుంచి 70 ఏళ్ల వయసు ఖాతాదారుడు ప్రమాదంలో మరణిస్తే నామినీకి 2 లక్షలు వస్తాయి, అది బస్సు ప్రమాదమా, భవన నిర్మాణ పనిలో పరంజా మీది నుంచి పడటమా అన్న తేడా లేదు. ఈ పథకపు సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది, ఆగినట్టు ఖాతాదారుడికి తెలియకపోవచ్చు కూడా. వలస పోయే కుటుంబాలు చాలావరకు వానాకాలం పనులకు ఊరికి తిరిగివచ్చే కాలం కూడా ఇదే కాబట్టి, పాస్‌బుక్కులో ఈ పద్దు చూసుకోవడానికి అదే తగిన అదను. జన్‌ధన్ ఖాతాతో వచ్చిన రూపే కార్డుకు కూడా ప్రమాద బీమా ఉంది, అయితే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారైనా ఆ కార్డు వాడి ఉండాలి. బీరువాలో భద్రంగా దాచిన కార్డుకు బీమా పనిచేయదు.

ఈ రక్షణ పొరలన్నీ ఒకదాని మీద ఒకటి చేరతాయా, లేక ఒకటి వస్తే మరొకటి పోతుందా అన్న సందేహం సహజం. బీమాలో రెండు జాతులున్నాయి. ఒకటి ఖర్చును భర్తీ చేసేది: ఆసుపత్రి బిల్లు లక్ష రూపాయలైతే ఎన్ని పాలసీలున్నా అన్నీ కలిపి ఇచ్చేది లక్షకు మించదు. రెండోది నిర్ణీత మొత్తం ఇచ్చేది: ప్రమాద మరణానికో, వైకల్యానికో ఇంత అని ముందే రాసుకున్న సొమ్ము ప్రతి పాలసీ నుంచీ విడివిడిగా వస్తుంది. కాబట్టి సురక్షా బీమా కింద 2 లక్షలు, రైల్వే బీమా కింద 10 లక్షలు, రైల్వే చట్టం కింద 8 లక్షలు ఒకే కుటుంబానికి చేరడానికి అడ్డేమీ లేదు. కొత్త పాలసీ కొనేటప్పుడు రెండో జాతి ప్రయోజనాలకు ఎక్కువ ప్రీమియం కట్టడంకంటే, తనకు లేని మొదటి జాతి రక్షణ ఏమిటో వెతుక్కోవడమే తెలివైన పని.

అలా వెతికితే దేశంలోపలి యాత్రల్లో బయటపడే అసలు లోటు ప్రమాదం కాదు, జబ్బు. కాశీలో గుండెనొప్పి, కేదార్‌నాథ్ దారిలో ఊపిరాడకపోవడం వంటివి ప్రమాద బీమా నిర్వచనంలోకి రావు, ఎందుకంటే ఆ బీమా దృష్టిలో ప్రమాదం అంటే బయటి కారణం వల్ల హఠాత్తుగా శరీరానికి కలిగిన గాయం మాత్రమే. ఆరోగ్యశ్రీ ప్రధానంగా రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆసుపత్రులకు ముడిపడిన పథకం. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే దేశంలో పథకం అమలులో ఉన్న ఏ రాష్ట్రంలోనైనా, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం దొరుకుతుంది. 2024 అక్టోబరులో ఇదే సదుపాయాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండినవారికి వయ వందన కార్డు పేరుతో విస్తరించారు. యాత్రలకు పోయేవారిలో పెద్ద వయసువారే ఎక్కువ గనుక, ఆ కార్డు తీసుకుని సంచిలో పెట్టుకోవడం ఏ యాత్రా పాలసీకన్నా ముందు చేయవలసినది. ఇంటికి మామూలు ఆరోగ్య బీమా ఉన్నవారికి అది దేశమంతటా చెల్లుతుంది. వారికి విడిగా స్వదేశీ ప్రయాణ బీమా అవసరం చాలా తక్కువ, ట్రావెల్ ఏజెంటు ప్యాకేజీలో కలిపి అమ్మేది ఎక్కువగా టికెట్టు రద్దుకు, సామాను పోవడానికి సంబంధించినదే.

విదేశీ ప్రయాణం దగ్గరికి వచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోతుంది, ఇక్కడ చెప్పుకున్న పొరల్లో దాదాపు ఏదీ సముద్రం దాటి పనిచేయదు. షెంగెన్ వీసా ఇచ్చే ఐరోపా దేశాలు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉంటేనే వీసా ఇస్తాయి. అమెరికా సందర్శక వీసాకు అలాంటి షరతు లేదు, అయినా అవసరం అక్కడే ఎక్కువ, ఎందుకంటే ఆ దేశంలో అత్యవసర విభాగం రోగిని తిప్పి పంపకూడదని చట్టం ఉన్నా, బిల్లు కట్టనవసరం లేదని ఏ చట్టమూ చెప్పదు. వనపర్తి దంపతుల విషయమే తీసుకుని రెండు పాలసీలను దగ్గరగా పోల్చి చూడవచ్చు. అంకెలు ఊహించినవే కాని, ఇలాంటి నిర్మాణాలు బజారులో మామూలే. మొదటి పాలసీ బీమా మొత్తం లక్ష డాలర్లు, రెండోదానిది 50 వేల డాలర్లు. మొదటిదానిలో డిడక్టిబుల్, అంటే బిల్లులో మొదట పాలసీదారే భరించవలసిన భాగం 100 డాలర్లు, రెండోదానిలో 250. పైపైన చూస్తే మొదటిదే మేలు. కాని మొదటి పాలసీలో 60 ఏళ్లు దాటినవారికి సబ్‌లిమిట్లు, అంటే ఒక్కో ఖర్చుకు విడివిడిగా పెట్టిన పరిమితులు ఉన్నాయి: గదికి రోజుకు 1,500 డాలర్లు, శస్త్రచికిత్సకు 8,000, అంబులెన్సుకు, పరీక్షలకు కలిపి 2,000. భర్త నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండగా గదికి 12,000, శస్త్రచికిత్సకు 12,000, మిగిలినవాటికి 6,000, మొత్తం 30,000 డాలర్ల బిల్లు అయిందనుకుంటే, మొదటి పాలసీ ఇచ్చేది 6,000, 8,000, 2,000 కలిపి 16,000, అందులో 100 పోగా 15,900 డాలర్లు మాత్రమే. మిగిలిన 14,100 డాలర్లు కొడుకు చెల్లించుకోవాలి. సబ్‌లిమిట్లు లేని రెండో పాలసీ, బీమా మొత్తం సగమే అయినా, 29,750 డాలర్లు చెల్లిస్తుంది. ధరల వరుసలో పాలసీలను చూపించే వెబ్‌సైట్లలో మొదటి చూపుకు కనిపించేది లక్ష అన్న అంకే, సబ్‌లిమిట్ల పట్టిక ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది.

పెద్ద వయసువారి విషయంలో ఇంతకంటే చిక్కైనది ముందునుంచీ ఉన్న వ్యాధుల సంగతి. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారికి ఆ కారణంగా వచ్చే ఖర్చును చాలా పాలసీలు పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణాపాయ స్థితిలో మాత్రం కొంత మొత్తం మేరకు ఒప్పుకుంటాయి, మరికొన్ని అదనపు ప్రీమియానికి కలుపుతాయి. పోల్చవలసినవాటిలో మొదటి స్థానం ఈ ఒక్క నిబంధనది. ప్రీమియం పెరుగుతుందన్న భయంతోనో, ఏజెంటు సలహా మీదనో ప్రతిపాదన పత్రంలో షుగరు లేదని రాయడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన దురలవాటు. బీమా ఒప్పందం ఉభయుల నిజాయితీ మీద నిలిచేది కనుక, విదేశీ ఆసుపత్రి రికార్డులో రోగి పదేళ్లుగా మాత్రలు వాడుతున్నట్టు కనపడిన రోజున ఆ ఒక్క అబద్ధం పాలసీని మొత్తంగా కూల్చగలదు. పాలసీ పత్రంతో పాటు బీమా సంస్థ ఇవ్వవలసిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్, అంటే ముఖ్య నిబంధనలను తేలిక మాటల్లో చెప్పే సమాచార పత్రం, 2024 జనవరి నుంచి కొత్త రూపంలో అమలైంది. దాన్ని తెలుగులో అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది. ఆ హక్కును వాడుకునేవారు కనిపించడం అరుదు.

ప్రయోజనం ఏమిటో తేలకుండా ప్రయాణం పేరు చూసి పాలసీ కొనడం మరో పొరపాటు. బ్రిటన్ పోయే విద్యార్థి వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌ఛార్జి కడతాడు కాబట్టి అక్కడి ప్రభుత్వ వైద్యం అతనికి అందుతుంది, వేరే పెద్ద వైద్య బీమా అతనికి అక్కరలేదు. ఆస్ట్రేలియా విద్యార్థికి ఆ దేశపు విద్యార్థి ఆరోగ్య బీమా తప్పనిసరి, అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు తమ బీమానే కొనాలంటాయి. గల్ఫ్‌కు పోయే కూలీకి ఇవేవీ వర్తించవు. పదో తరగతి పాస్ కాక, పాస్‌పోర్టులో ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమన్న గుర్తుతో, ప్రభుత్వం ఆ జాబితాలో పెట్టిన దేశాలకు ఉద్యోగానికి పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో ప్రారంభమై 2017లో సవరణ పొందిన ఈ పథకంలో పన్ను కాక రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రక్షణ ఉంది, యజమాని మారినా అది కొనసాగుతుంది. అయితే గడువు ముగిశాక దాన్ని ఆన్‌లైన్‌లో తిరిగి కట్టుకోవలసింది కార్మికుడే. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఈ వలస ఎక్కువ, పాలమూరు మూడు జిల్లాల నుంచి దేశంలోపలి వలసే అధికం. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరేవారు ఈ పథకానికి పూర్తిగా బయట ఉండిపోతారు, దళారులు ఆ దారినే సులువైనదిగా చూపిస్తారు.

టికెట్టు రద్దు, విమానం ఆలస్యం, సామాను పోవడం వంటి ప్రయోజనాలను ప్రకటనలు పెద్ద అక్షరాల్లో చూపుతాయి కాని, వీటికోసం ఎక్కువ తర్కించనవసరం లేదు. అవి తట్టుకోగల నష్టాలు, ఆసుపత్రి బిల్లు తట్టుకోలేనిది. ఒక్క హెచ్చరిక మాత్రం గద్వాల మగ్గాల వారికి ఉపయోగపడుతుంది. పట్టు అంచు, కొంగులను నూలు ఒంటికి కలిపి నేసిన చీరలను నాలుగైదు సూట్‌కేసుల్లో సర్దుకుని ప్రదర్శనలకు పోయే నేతకారులు, వ్యాపారులు వాటిని తమ సామానే అనుకుంటారు. ప్రయాణ పాలసీలు మాత్రం అమ్మకపు సరుకును సామాను కింద లెక్కించకుండా మినహాయించడం రివాజు. దానికి ట్రాన్సిట్ బీమా, అంటే సరుకు రవాణాలో ఉన్నంతసేపు దానికే చేసే బీమా, వేరుగా ఉంది. నేతకారుల సంఘం పేరున ఏడాదికి ఒకే పాలసీ తీసుకుంటే ఒక్కొక్కరు విడిగా కొనడంకంటే చవకగా తేలుతుంది. ఇక టికెట్టు రద్దు నిబంధన పాలసీలో పేర్కొన్న కారణాలకే వర్తిస్తుంది. వీసా రాకపోవడం, మనసు మారడం వాటిలో సాధారణంగా ఉండవు.

పోలికలో ఆఖరున చూడవలసింది చెల్లింపు ఎలా జరుగుతుందన్నది. విదేశంలో ఆసుపత్రికే నేరుగా చెల్లించే ఏర్పాటు ఉందా, లేక ముందు జేబులోంచి కట్టి తర్వాత రాబట్టుకోవాలా, రాత్రింబవళ్లు మాట్లాడే సహాయ కేంద్రపు నంబరు ఏది అన్నవి బయలుదేరకముందే తెలుసుకోవాలి. ఆసుపత్రిలో చేరిన వెంటనే ఆ కేంద్రానికి తెలపకపోతే చాలా పాలసీలు ఇబ్బంది పెడతాయి. పాలసీని దేశం దాటకముందే కొనాలి, ఉండే రోజులు పెరిగితే గడువు ముగియకముందే పొడిగించుకోవాలి. రోడ్డు ప్రమాదంలో ఎఫ్‌ఐఆర్, వైద్య చట్టపరమైన నివేదిక, మరణమైతే పోస్టుమార్టం నివేదిక, రైలు బీమాకు నాలుగు నెలల్లోపు దరఖాస్తు అవసరం. పాలసీ పత్రం నకలు, దాని నంబరు, నామినీ పేరు ఇంట్లో మరొకరి దగ్గర కూడా ఉండాలి, ప్రయాణికుడి ఫోనులో మాత్రమే ఉన్న పాలసీ ఆ ఫోనుతో పాటే పోతుంది.

క్లెయిమ్ తిరస్కరణకు గురైతే మొదట బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా లోక్‌పాల్ కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ దాని పరిధిలోనివే. 2023 నుంచి 50 లక్షల రూపాయల దాకా వివాదాలను అది విచారిస్తోంది, రుసుము లేదు, వకీలు అవసరం లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాదులోనే ఉంది, దాని ఫిర్యాదుల ఉచిత నంబరు 155255. తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, తిరస్కరణ లేఖ నకలు జతచేసి గద్వాల తపాలా కార్యాలయం నుంచి స్పీడ్ పోస్టులో పంపినా ఆ ఫిర్యాదు చెల్లుతుంది.